పెద్ద ప్లేయర్లను కలవాలంటే ఫోన్ కాదు, ఒక పొజిషన్ పట్టుకెళ్ళండి

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయికి పదకొండేళ్ళు. మొదటిసారి ఒక ఇంటర్నేషనల్ చెస్ ఓపెన్ ఆడబోతోంది. అక్కడికి గ్రాండ్‌మాస్టర్లు వస్తారట. వాళ్ళను కలవడం కుదురుతుందా? పలకరిస్తే మాట్లాడతారా? మీరు చెన్నై ఒలింపియాడ్ చూశారు కదా, కార్ల్‌సన్ లాంటి వాళ్ళు దగ్గర్నుంచి ఎలా ఉంటారు?"

కుదురుతుందమ్మా. మీరు అనుకుంటున్న దానికంటే సులువుగానే కుదురుతుంది. అయితే కలవడం అంటే ఏమిటో ముందు పాపకు చెప్పండి. పక్కన నిలబడి ఫోటో తీయించుకోవడానికి పది సెకన్లు చాలు, అది గోడ మీద ఉంటుంది. ఒక పొజిషన్ గురించి, అంటే బోర్డు మీద పావులు ఉన్న తీరు గురించి, పెద్ద ప్లేయర్‌తో మూడు నిమిషాలు మాట్లాడితే అది పాప ఆటలోకి వస్తుంది. చాలా ఏళ్ళుగా మా ఊళ్ళో పిల్లలకు చెస్ నేర్పుతున్నాను, వాళ్ళను టోర్నమెంట్లకు తీసుకెళ్తున్నాను, కొన్నిచోట్ల ఆర్బిటర్‌గా (ఆట నిర్ణేతగా) కూడా కూర్చున్నాను. ఈ రెండింటికీ ఉన్న తేడాను నా పిల్లల్లోనే చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెస్‌కు ఉన్న ఒక అదృష్టం గురించి. క్రికెట్ నేర్చుకునే పిల్ల ఇండియా టీమ్ బౌలర్‌ను మైదానంలో ఎదుర్కోవడం జరగని పని. చెస్‌లో అది మొదటి రౌండ్‌లోనే జరగొచ్చు. ఎవరైనా పేరిచ్చి ఆడగలిగే ఓపెన్ టోర్నమెంట్లు స్విస్ పద్ధతిలో నడుస్తాయి. రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) ప్రకారం అందరికీ వరుస నంబర్లు ఇస్తారు, మొదటి రౌండ్‌లో పై సగానికి కింది సగంతో జత కడతారు. 200 మంది ఆడుతుంటే 1వ నంబర్‌కు 101వ నంబర్, 2కు 102. అంటే మీ పాప నంబర్ 103 అయితే ఎదురుగా కూర్చునేది మూడో సీడ్ గ్రాండ్‌మాస్టర్. 190 అయితే 90వ నంబర్ వాళ్ళు. స్టార్టింగ్ ర్యాంక్ జాబితా చాలా టోర్నమెంట్లకు చెస్-రిజల్ట్స్ సైట్‌లో ముందే పెడతారు. అది తెరిచి, మధ్యగీతకు పాప ఎంత దగ్గర్లో ఉందో చూడండి. జాబితాలో ఆఖరికి పేర్లు కలుస్తాయి, పోతాయి కాబట్టి నంబర్ కొంచెం అటూఇటూ అవుతుంది. అయినా ఒక అంచనా వస్తుంది.

నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ అనే సముద్రతీర ఊళ్ళో ప్రతి జనవరిలో జరిగే టోర్నమెంట్‌లో కూడా ఇదే అందం ఉంది. ప్రపంచంలో మొదటి వరుస ఆటగాళ్ళు ఆడే హాల్లోనే వందల మంది మామూలు క్లబ్ ఆటగాళ్ళూ ఆడతారు. మన హరికృష్ణ 2012లో అక్కడ బి గ్రూప్ గెలిచాడు, మన అర్జున్ ఎరిగైసి 2022లో చాలెంజర్స్ గెలిచాడు. తల ఎత్తితే ప్రపంచ ఛాంపియన్ కనిపించే గదిలో కూర్చుని ఆడటం వేరే ఏ ఆటలో ఉంది చెప్పండి.

ఇక మీరు అడిగిన ఒలింపియాడ్ విషయం.

ఒలింపియాడ్ అంటే దేశాల జట్లు ఆడే పోటీ. 2022లో అది రష్యాలో జరగాల్సింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలవడంతో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే దాన్ని అక్కడి నుంచి తీసేసింది. మార్చిలో చెన్నైకి ఇచ్చారు, జూలై 28న ప్రారంభోత్సవం. నాలుగు నెలల్లో అంత పని చేశారు. ఆటలు జరిగింది చెన్నైలో కాదు, ఊరి బయట మామల్లపురంలో, రెండు హాళ్ళలో. ఓపెన్ విభాగంలో 188 జట్లు, మహిళల విభాగంలో 162. మా వైపు నుంచి చాలా మంది కోచ్‌లం, తల్లిదండ్రులం పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాం.

ఆ హాల్లో ఎవరితోనూ మాట్లాడే అవకాశం ఉండదు. ఆట మొదలైన కొద్ది నిమిషాల దాకా ఫోటోగ్రాఫర్లను దగ్గరికి రానిస్తారు, తర్వాత తాడు ఇవతల నిలబడి చూడాల్సిందే. ఫోన్ లోపలికి రానివ్వరు. మాతో వచ్చిన పిల్లల్లో కొందరికి మొదట అది నిరాశగా అనిపించింది. ఫోన్ లేకపోవడమే వాళ్ళకు మేలు చేసిందని నా నమ్మకం. చేతిలో ఫోన్ ఉంటే పిల్లలు స్క్రీన్‌లో కార్ల్‌సన్‌ను చూసేవాళ్ళు. లేదు కాబట్టి కార్ల్‌సన్‌నే చూశారు.

అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ దగ్గర ఏం చూడమన్నానంటే, ముఖం కాదు, కూర్చునే తీరు. అంతకు వారం ముందే, జూలై 20న, తాను ప్రపంచ టైటిల్‌ను నిలబెట్టుకోవడానికి మళ్ళీ మ్యాచ్ ఆడనని ఆయన ప్రకటించాడు. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుతోంది. ఇక్కడ మాత్రం నార్వే జట్టు మొదటి బోర్డు ఆటగాడిగా, అంటే జట్టు వరుసలో మొదటివాడిగా, వచ్చి కూర్చున్నాడు. ఆ జట్టుకు పతకం రాలేదు, 59వ స్థానంలో ఆగిపోయింది. ఆయనకు మాత్రం మొదటి బోర్డులో వ్యక్తిగత కాంస్యం వచ్చింది. తొమ్మిదేళ్ళ ముందు, 2013 నవంబర్‌లో, ఇదే చెన్నైలో ఆనంద్‌ను 6.5–3.5తో ఓడించి మొదటిసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఊరికే మళ్ళీ వచ్చి, జట్టు వెనకబడిన మ్యాచ్‌లలో కూడా తన బోర్డు దగ్గర గంటల తరబడి కూర్చున్నాడు. తన ఎత్తు వేశాక లేచి సహచరుల బోర్డుల వైపు వెళ్ళి ఒక చూపు చూసి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. మీరు చూడాల్సింది ఇదే అని పిల్లలకు చెప్పాను. పెద్ద ప్లేయర్ అంటే పెద్ద మ్యాచ్ ఉన్నప్పుడే శ్రద్ధ పెట్టేవాడు కాదు.

గుకేశ్ విషయం ఇంకా వివరంగా చెప్పాలి. అప్పటికి అతనికి పదహారేళ్ళు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన పిల్లవాడు, మన రెండో జట్టు ఇండియా-2కు మొదటి బోర్డు. మొదటి ఎనిమిది ఆటలూ వరుసగా గెలిచాడు. ఎనిమిదో రౌండ్‌లో అమెరికా ఆటగాడు కరువానాను ఓడించాడు. ఆ మ్యాచ్‌లో ఇండియా-2 కుర్రాళ్ళు టాప్ సీడ్ అమెరికాను 3–1తో ఓడించారు. ఆ రోజు అందరూ ఆ పిల్లల చుట్టూనే. తొమ్మిదో రౌండ్‌లో అజర్‌బైజాన్ ఆటగాడు మమెద్యారోవ్‌తో డ్రా. పదో రౌండ్‌లో ఉజ్బెకిస్తాన్ మీద, అబ్దుసత్తొరోవ్‌తో ఆట. మ్యాచ్ గెలిస్తే ఇండియా-2కు స్వర్ణం దాదాపు చేతికి వచ్చేది. గుకేశ్ గెలిచే పొజిషన్‌కు వచ్చాడు. గడియారంలో సమయం అయిపోతుండగా గుర్రంతో ఒక పొరపాటు పడింది, ఆట చేజారింది. మ్యాచ్ 2–2. ఆ తర్వాత అతను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. రెండు చేతుల్లో తల పెట్టుకుని బోర్డు ముందే ఉండిపోయాడు. ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు.

నా మాట నమ్మండి, పిల్లలు ఎనిమిది గెలుపుల కంటే ఆ ఒక్క ఓటమి నుంచే ఎక్కువ నేర్చుకున్నారు. ఎందుకంటే మర్నాడు పదకొండో రౌండ్‌కు గుకేశ్ మళ్ళీ వచ్చి అదే మొదటి బోర్డులో కూర్చున్నాడు. ఆ రౌండ్ పొద్దున్నే పదింటికి, మిగతా రోజుల్లా మధ్యాహ్నం మూడింటికి కాదు. అంటే అంత పెద్ద దెబ్బ తిన్నాక మధ్యలో దొరికింది ఒక్క రాత్రి. వచ్చాడు, డ్రా చేశాడు, జట్టుకు కాంస్యం వచ్చింది, తనకు 11కి 9 పాయింట్లతో మొదటి బోర్డు స్వర్ణం వచ్చింది. రెండేళ్ళ తర్వాత బుడాపెస్ట్‌లో ఇండియా రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలిచినప్పుడు మొదటి బోర్డు స్వర్ణం మళ్ళీ అతనిదే. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5–6.5తో ఓడించి పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ మ్యాచ్‌కు వెనక ఉండి సిద్ధం చేసిన జట్టులో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడు. మామల్లపురం ఓటమి చూసిన మా పిల్లలకు సింగపూర్ గెలుపు విలువ మిగతా వాళ్ళకంటే బాగా తెలుసు.

ఉజ్బెకిస్తాన్ వాళ్ళ గురించి కూడా ఒక మాట. పద్నాలుగో సీడ్‌గా వచ్చి స్వర్ణం కొట్టుకుపోయారు. అబ్దుసత్తొరోవ్‌కు అప్పుడు పదిహేడు, సిందరోవ్‌కు పదహారు. ఆ సిందరోవే 2025లో గోవాలో జరిగిన వరల్డ్ కప్ గెలిచాడు. టోర్నమెంట్‌కు వెళ్ళినప్పుడు పేరున్న వాళ్ళ వెంటే పడొద్దని నేను పిల్లలకు పోరు పెట్టేది ఇందుకే. పక్క బోర్డులో నిశ్శబ్దంగా ఆడుతున్న కుర్రాడు మూడేళ్ళ తర్వాత ఏమవుతాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయానికి వస్తాను. మీది అమ్మాయి కాబట్టి మరీ చెప్పాలి. ఆ చెన్నై ఒలింపియాడ్‌లో ఇండియా మహిళల మొదటి జట్టులో మొదటి ఇద్దరూ మన తెలుగువాళ్ళే, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక. హారిక అప్పుడు తొమ్మిదో నెల గర్భిణి. అయినా జట్టు కోసం వచ్చి ఆడింది. ఆమె మొదటిసారి ఒలింపియాడ్ ఆడింది 2004లో, పదమూడేళ్ళ వయసులో. జట్టు పతకం కోసం అప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆమె కుర్చీలోంచి జాగ్రత్తగా లేచి నాలుగడుగులు నడిచి మళ్ళీ వచ్చి కూర్చోవడం చూస్తుంటే, మాతో వచ్చిన తల్లులు ఆట సంగతి మర్చిపోయి ఆమెనే చూస్తూ ఉండిపోయారు. గేమ్ నాలుగైదు గంటలు సాగగలదు. 40 ఎత్తులకు 90 నిమిషాలు, తర్వాత 30 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచీ ఎత్తుకు 30 సెకన్లు అదనం. ముప్పై ఎత్తులు దాటకుండా డ్రా అడగడానికి కూడా వీల్లేదు. ఆ స్థితిలో అంతసేపు కూర్చోవడం అంటే ఏమిటో ఆ తల్లులకు నేను చెప్పనక్కర్లేదు.

ఆఖరి రౌండ్‌కు మన అమ్మాయిలు అందరికంటే ముందున్నారు. అమెరికా చేతిలో 3–1తో ఓడిపోయారు. స్వర్ణం ఉక్రెయిన్‌కు, రజతం జార్జియాకు, మనకు కాంస్యం. మహిళల ఒలింపియాడ్‌లో ఇండియాకు అదే మొదటి పతకం. అయినా ఆ రోజు ముఖాల్లో ఆనందం, బాధ రెండూ ఉన్నాయి. యుద్ధంలో ఉన్న దేశం నుంచి వచ్చిన ఉక్రెయిన్ అమ్మాయిల గెలుపు చూస్తుంటే చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాం. హారికకు ఆ ఆగస్టు నెలాఖర్లోనే పాప పుట్టింది. 2024లో బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆమె ఉంది. హంపి 2002లో పదిహేనేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయి, ఆడపిల్లల్లో అతి చిన్న వయసు గ్రాండ్‌మాస్టర్‌గా జుడిత్ పోల్గార్ పేరున ఉన్న రికార్డును అప్పట్లో తీసుకున్న మనిషి. పెళ్ళయి, తల్లయి, ఆట నుంచి విరామం తీసుకుని తిరిగొచ్చి 2019లో వరల్డ్ రాపిడ్ గెలిచింది, 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచింది. మీ పాప ఒక్క గ్రాండ్‌మాస్టర్‌ను చూడగలిగితే వీళ్ళిద్దరిలో ఒకరిని చూడాలని నేను కోరుకుంటాను. వీళ్ళు ఆడే చోటికి పాపను తీసుకెళ్ళే అవకాశం వస్తే స్కూలు సెలవు గురించి ఆలోచించకండి.

రెండో హాలు గురించి చెప్పకపోతే ఒలింపియాడ్ సగమే చెప్పినట్టు. చాలా మంది చూసేవాళ్ళు పై బోర్డులు చూసి వెళ్ళిపోతారు. కింది బోర్డుల్లో ఉన్నది ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు పెట్టి, తమ దేశం జెర్సీ వేసుకోవడానికి వచ్చిన వాళ్ళు. పాలస్తీనా జట్టులో ఎనిమిదేళ్ళ పాప ఆడింది, ఆ టోర్నమెంట్‌లో అందరికంటే చిన్నది ఆమే. మీ అమ్మాయి వయసు పిల్లలకు ఆ పాపను చూసినప్పుడు కలిగిన ఉత్సాహం కార్ల్‌సన్‌ను చూసినా కలగలేదు. బయట బస్సులు ఆగే చోట ఈ జట్ల వాళ్ళే నవ్వుతూ మాట్లాడారు, తమ దేశపు బ్యాడ్జీలు పిల్లలకు ఇచ్చారు, మా పిల్లల దగ్గరున్న పెన్నులు తీసుకున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక ఆటగాడు మా కుర్రాడిని కూర్చోబెట్టి, ఆ రోజు తాను గెలిచిన ఆట మొత్తం స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) చూస్తూ నోటితోనే చెప్పాడు. వాడికి ఆ ఆట ఇప్పటికీ నోటికొచ్చు.

ఇక హైదరాబాద్. 2002లో ఫిడే వరల్డ్ కప్ మన హైదరాబాద్‌లో జరిగిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆనంద్ ఫైనల్‌లో కసిమ్‌జానొవ్ మీద గెలిచి కప్పు తీసుకున్నాడు. మహిళల విభాగంలో చైనాకు చెందిన షు యుహువా గెలిచింది. నేను అప్పుడు జనంలో నిలబడి ఆనంద్‌ను చూశాను. మాట్లాడలేదు, మాట్లాడాలని అనిపించలేదు కూడా. ఇరవై ఏళ్ళ తర్వాత చెన్నైలో ఆయన ఆటగాడిగా కాక ఇండియా జట్లకు మెంటర్‌గా ఉన్నాడు. ఆ ఒలింపియాడ్ జరుగుతుండగానే, ఆగస్టు 7న, ఫిడే డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఎన్నికయ్యాడు. తనను చూసి ఆట మొదలుపెట్టిన పిల్లలు పతకాల కోసం ఆడుతుంటే ఆయన హాల్లో తిరుగుతూ చూడటం నాకు గొప్పగా అనిపించింది.

ఇప్పుడు మీకు నేరుగా పనికొచ్చే సంగతి. దీనికి ఒలింపియాడ్ కాదు, మీ పాప ఆడబోయే లాంటి ఓపెన్ సరైన ఉదాహరణ.

ఢిల్లీలో ఒక ఓపెన్‌లో మా విద్యార్థిని, అప్పుడు పన్నెండేళ్ళు, తూర్పు యూరప్ నుంచి వచ్చిన ఒక గ్రాండ్‌మాస్టర్‌తో ఆడి ఓడిపోయింది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. ఓడిపోయాక పాప లేచి వెళ్ళిపోబోయింది. అతను స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టి, వేలితో బయటికి చూపించాడు. బయట వరండాలో ఒక ఖాళీ బోర్డు ఉంది. అక్కడ పావులు పేర్చాడు. మొదటి పద్దెనిమిది ఎత్తులు ఏం మాట్లాడకుండా ఆడేసి, పంతొమ్మిదో ఎత్తు దగ్గర ఆగి, "ఇక్కడ ఏమనుకున్నావు?" అని అడిగాడు. పాప ఏనుగును ఓపెన్ ఫైలులోకి (బంట్లు లేని నిలువు వరుసలోకి) తేవాలనుకున్నానని చెప్పింది. "మంచి ఆలోచన. కానీ నేను ఏం చేయాలనుకుంటున్నానో చూశావా?" అన్నాడు. పాప చూడలేదని చెప్పింది. అప్పుడు బోర్డును అటు తిప్పి, తన వైపు నుంచి పొజిషన్ చూపించాడు. అంతే. అరగంట కూడా పట్టలేదు. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి ప్రాక్టీసులో కష్టమైన పొజిషన్ వస్తే లేచి ఎదుటివాళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడి చూస్తుంది. నేను రెండేళ్ళు చెప్పినా రాని అలవాటు అది.

చెస్‌లో దీన్ని పోస్ట్‌మార్టమ్ అంటాం. ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని ఆటను మళ్ళీ ఆడటం. కంప్యూటర్లు రాకముందు ఇదే బడి. ఇప్పుడు ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) అన్నీ చెబుతుందని చాలా మంది ఆట అవగానే ఫోన్ కోసం పరుగెత్తుతారు. ఇంజిన్ మంచి ఎత్తు చెబుతుంది, ఎదుటి మనిషి ఏమనుకున్నాడో చెప్పదు. గ్రాండ్‌మాస్టర్‌తో ఆడే అవకాశం పాపకు వస్తే, గెలిచినా ఓడినా చివర్లో ఒకే ఒక్క మాట నేర్పించి పంపండి: "సర్, ఒక ఐదు నిమిషాలు చూద్దామా?" ఇంగ్లీషులో చెప్పడం ఇంట్లో సాధన చేయించండి. పిల్లలు భాష రాక కాదు, బెరుకుతో ఆగిపోతారు. అయితే ఆ మాట ఆట హాల్లో పైకి అనకూడదు, పక్క బోర్డులు నడుస్తుంటాయి. నెమ్మదిగా సైగ చేసి బయటికి వచ్చాక అడగాలి. హాల్లోనే పావులు కదుపుతూ మాట్లాడుకుంటే ఆర్బిటర్ వచ్చి లేపుతారు, లేపాలి కూడా.

పాప వాళ్ళతో ఆడకపోయినా అడగొచ్చు. లైవ్ బోర్డుల్లో ఉన్న ఆటలు ఇంటర్నెట్‌లో వస్తాయి. సాయంత్రం పాపతో కూర్చుని ఒక పెద్ద ప్లేయర్ ఆట మొత్తం చూడండి, ఇంజిన్ ఆపేసి. అర్థం కాని ఎత్తు ఒకటి దొరుకుతుంది. దాన్ని చిన్న నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాసుకోమనండి. మర్నాడో ఎల్లుండో ఆ ప్లేయర్ క్యాంటీన్‌లోనో వరండాలోనో తీరిగ్గా కనిపిస్తే ఆ పేజీ చూపించి, "ఇక్కడ మీరు బంటును ఎందుకు తీసుకోలేదు?" అని అడగాలి. సెల్ఫీ అడిగిన పిల్లలకు పెద్ద ప్లేయర్లు నవ్వి ఫోటో ఇస్తారు. పొజిషన్ అడిగిన పిల్లలకు కుర్చీ జరుపుతారు. ఇది నేను చాలాసార్లు చూశాను. నిన్న తాను వేసిన ఎత్తును ఒక చిన్న పిల్ల అంత శ్రద్ధగా చూసిందని తెలిస్తే ఏ ఆటగాడికైనా మనసు కరుగుతుంది.

కాదనేవాళ్ళూ ఉంటారు. దాన్ని పొగరు అనుకోవద్దు. ఒక గ్రాండ్‌మాస్టర్ మా పిల్లలను కనీసం చూడకుండా చేయి ఊపి వెళ్ళిపోయాడు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ఆ రోజు రెండు రౌండ్ల రోజు. పొద్దున ఆట ఐదు గంటలు నడిచి ఓడిపోయాడు, రెండో రౌండ్ పెయిరింగ్ (ఎవరికి ఎవరు ప్రత్యర్థో చెప్పే జాబితా) అప్పుడే పడింది, తిండికీ ప్రిపరేషన్‌కూ కలిపి అతనికి గంట మాత్రమే ఉంది. మన ఓపెన్లలో చాలా మంది విదేశీ గ్రాండ్‌మాస్టర్లకు ఆ ప్రైజ్ మనీయే జీవనాధారం. పై పదిమంది సంపాదన చూసి మిగతా వాళ్ళ గురించి అంచనా వేయకూడదు. వేడి, కారం, ప్రయాణం, నిద్రలేమి, వీటన్నిటి మధ్య రేటింగ్ 400 తక్కువున్న మన పిల్లల చేతిలో ఓడిపోతే వాళ్ళకు పాయింట్లూ పోతాయి, డబ్బూ పోతుంది. మన పిల్లలు ఇప్పుడు అంత గట్టిగా ఆడుతున్నారు కూడా. కాబట్టి వాళ్ళ టెన్షన్ నిజమైనది.

అందుకే వేళ చూసుకోవాలి. రౌండ్ మొదలయ్యే ముందు గంట ఎవరినీ కదిలించకండి, "ఆల్ ది బెస్ట్" చెప్పడానికి కూడా. ఆట మధ్యలో ప్లేయర్ నీళ్ళకో టీకో లేచి వచ్చినప్పుడు అస్సలు మాట్లాడకూడదు. ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం. తల్లిదండ్రులు తమ పిల్లలతో మాట్లాడినా ఆర్బిటర్ అడ్డుకుంటారు. ఆట ముగించిన ప్లేయర్‌ను కూడా నియమాలు ప్రేక్షకుడిగానే లెక్కిస్తాయి, అతనూ అక్కడ మాట్లాడకూడదు. ఓడిపోయిన వాళ్ళను ఆ పూటకు వదిలేయండి. ఎవరు గెలిచారో దూరం నుంచే తెలుసుకోవాలంటే బోర్డు మధ్యలో చూడండి. లైవ్ బోర్డుల మీద ఆట అయ్యాక రాజులిద్దరినీ మధ్య గళ్ళలో పెడతారు. తెల్ల గళ్ళలో ఉంటే తెల్ల పావులతో ఆడినవాళ్ళు గెలిచినట్టు, నల్ల గళ్ళలో ఉంటే నల్ల పావులతో ఆడినవాళ్ళు. మంచి వేళ అంటే ఒకే రౌండ్ ఉన్న రోజు రాత్రి భోజనం తర్వాత, విశ్రాంతి రోజు, లేదా బహుమతుల రోజు సభ మొదలుకాక ముందు. ఒలింపియాడ్‌లో విశ్రాంతి రోజుకు ముందు రాత్రి ఆటగాళ్ళంతా కలిసే బెర్ముడా పార్టీ అనే పాత ఆనవాయితీ కూడా ఉంది. ఆ మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఎవరి తలుపూ తట్టకండి.

మనవాళ్ళు కనిపిస్తే తెలుగులోనే పలకరించండి. హరికృష్ణ, అర్జున్, హంపి, హారిక దేశాలు తిరుగుతూ ఉంటారు, వాళ్ళకు నెలల తరబడి తెలుగు వినపడేది ఫోన్లోనే. అయితే "మా పాప కూడా మీలా అవ్వాలి, ఒక సలహా ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు. దానికి ఎవరైనా చెప్పగలిగేది "బాగా ప్రాక్టీస్ చెయ్యమ్మా" అనే. పాపనే ముందుకు పంపి మీరు నాలుగడుగులు వెనక నిలబడండి. తల్లిదండ్రులు మధ్యలో దూరి పాప రేటింగు, పతకాలు ఏకరువు పెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. ఫోటో కావాలంటే ఆఖర్లో, అడిగి తీసుకోండి. పద్దెనిమిదేళ్ళ లోపు ప్లేయర్లయితే వాళ్ళ వెంట వచ్చిన అమ్మానాన్నలనో కోచ్‌నో అడగండి, వాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా పిల్లలే కదా.

సైమల్ అవకాశం గురించి కూడా వాకబు చేయండి. పెద్ద ప్లేయర్ ఒకరు ఇరవై ముప్పై మందితో ఒకేసారి ఆడే ఆట అది, టోర్నమెంట్ ముందురోజో విశ్రాంతి రోజో పెడుతుంటారు. పెద్ద ప్లేయర్ అన్ని బోర్డుల్లోనూ సాధారణంగా తెల్ల పావులతో ఆడతాడు. అతను మీ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు అతని ఎదుటే ఎత్తు వేయాలి, ముందే వేసి ఉంచకూడదు. కొందరు ఓడిపోతుంటే చివర దాకా మిగిలి అతని పూర్తి దృష్టి మీ బోర్డు మీద పడేలా చేసుకోవడమే అందులో గెలుపు. అందుకని పాపకు పదునైన, త్వరగా తేలిపోయే ఓపెనింగ్ వద్దు, గట్టిగా నిలబడేది ఆడమనండి. ఆఖరి ఐదుగురిలో ఒకరైతే అతను నిజంగా ఆలోచించి వేసిన ఎత్తులు పాప స్కోర్‌షీట్‌లో ఉంటాయి.

ఆ స్కోర్‌షీట్ గురించే చివరి సూచన. చాలా టోర్నమెంట్లలో కింద కార్బన్ కాపీ ఉంటుంది. పై కాగితం ఆర్బిటర్‌కు ఇచ్చేయాలి, కాపీ మీది. గ్రాండ్‌మాస్టర్‌తో ఆడిన ఆట అయితే ఇద్దరూ ఫలితం రాసి సంతకం పెట్టే ఆ కాగితమే ఆటోగ్రాఫ్, విడిగా పుస్తకం చాపనక్కర్లేదు. కార్బన్ రాత రెండేళ్ళలో వెలిసిపోతుంది కాబట్టి ఆ రాత్రే ఫోటో తీసి పెట్టుకోండి, ఎత్తులన్నీ నోట్‌బుక్‌లో పాప చేత తిరిగి రాయించండి. స్టార్టింగ్ ర్యాంక్ జాబితా వచ్చాక పాప నంబర్ నాకు చెబితే మొదటి రౌండ్‌లో ఎవరు పడొచ్చో చూసి, వాళ్ళు ఎలాంటి ఆట ఆడతారో రాస్తాను.